రెండు హాక్సా బ్లేడ్ల సందు

పోయిన వారం మా వీధి చివర ఒక ట్రాక్టరు ఇంజను విప్పారు. వేడి పూర్తిగా తగ్గని హెడ్డు మీద, అంటే ఇంజను పైమూత మీద, కిరోసిన్ పోసి బ్రష్షుతో రుద్దితే ఒక వాసన లేస్తుంది. మసి, మాడిన నూనె, వెచ్చటి ఇనుము కలిసి ముక్కు లోపల గుచ్చుకునే ఘాటు. ఆ వాసనకు మంచం మీంచి లేచి వీధిలోకి వెళ్లాను. మెకానిక్కు హెడ్డు బోల్టులను ఒక చివర మొదలుపెట్టి వరసగా బిగించుకుంటూ పోతున్నాడు. నడుమ మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాలనీ, లేకపోతే హెడ్డు వంకరగా కూర్చుంటుందనీ చెప్పాను. అతను తలెత్తకుండానే, నీ కాలం ఇంజన్లు వేరు తాతా, పోయి నీడన కూర్చో అన్నాడు. వెంటనే అతని యజమాని దగ్గరికి వెళ్లి చెప్పాను. యజమాని నవ్వాడు. ఆ నవ్వును నేను మరిచిపోను. నన్ను అన్నవాళ్ల పేర్లు, అన్న మాటలు, ఆ రోజు వాళ్లు ఏ రంగు చొక్కా వేసుకున్నారో కూడా నాకు గుర్తుంటాయి. ఆ వరసలో అందరికంటే ముందున్న పేరు నాకు పని నేర్పిన మనిషిదే. ఆయన పేరు అబ్దుల్ ఖాదర్. ఆదోనిలో అందరూ ఖాదర్ మేస్త్రీ అనేవారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని స్టేషను వెనక, జిన్నింగు మిల్లు గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు ఆయనది. గాలి తిరిగినప్పుడల్లా పత్తి నూగు వచ్చి నూనె చేతులకు అంటుకునేది. యుద్ధకాలంలో మిలిటరీ లారీలు బాగుచేసి వచ్చిన మనిషి. పొట్టిగా, బిగువుగా ఉండేవాడు. ఆయన దగ్గర సుమారు అనే మాట పనికిరాదు. ఇంజనులో ఏదో శబ్దం వస్తోందని ఎవరైనా అంటే, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కినాకనా, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడిగేవాడు. తెలియదంటే, పోయి విని రమ్మని వెనక్కి పంపేవాడు. అలా వెనక్కి వెళ్లినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. బండి ఎవరు నడుపుతారో వాళ్లు పక్కన నిలబడి పని చేస్తే తప్ప ఆయన ఇంజను విప్పడు. నడిపేవాడికి లోపల ఏముందో తెలియకపోతే బాగుచేయడం దండగని ఆయన లెక్క. అలా నేను ఆయన చేతికి దొరికాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. నా పేరు ఏసేపు. ఎమ్మిగనూరు పత్తి షావుకారు వీరభద్రప్పకు డ్రైవరును.

షావుకారు ఇంట్లో నా గ్లాసు వేరు. పశువుల కొట్టం గోడకు ఒక మొల, ఆ మొలకు ఒక సత్తు గ్లాసు. ఆయన భార్యాపిల్లలు ప్రాణాలు రోజూ నా చేతుల్లో పెట్టి కర్నూలు దాకా వెళ్లొచ్చేవారు గాని, నేను తాగిన గ్లాసు నేనే కడిగి మొలకు తగిలించాలి. ఒకరోజు ఆ కడుపుమంటంతా మేస్త్రీ ముందు కక్కాను. ఆయన స్పానరు దించకుండానే, ఎన్ని దినాలనించి తాగుతాండావని అడిగాడు. నాలుగేండ్లని చెప్పాను.

"గ్లాసు మొలకు తగిలించింది ఆయప్ప తప్పు," అన్నాడు. "నాలుగేండ్లు తాగింది నీది. రెండూ కలిపి సెప్పొద్దు. ఏరు ఏరుగా సెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లు తాగింది ఇష్టమై కాదు, కడుపు కోసం. అది నా తప్పంటే నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఎదుటే అనేశాను కూడా. ఆయన తన ఇంటి లోటాలో నీళ్లు పోసి నా చేతికిచ్చి, మళ్లీ పనిలో పడ్డాడు. మరుసటి రోజు నుంచి షావుకారు ఇంట్లో నేను టీ ముట్టలేదు. అది ఆయన మాట విని చేశానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

కారు సంగతి చెప్పాలి. యుద్ధానికి ముందు నాటి అమెరికా బండి అది. ఎనిమిది సిలిండర్లు, నాలుగు ఈ పక్క, నాలుగు ఆ పక్క. సిలిండర్ల మీద మూతలా బిగించే ఇనుప పలకను హెడ్డు అంటారు. రెండు పక్కలు గనక దానికి రెండు హెడ్లు. కొత్తలో ఎలా పరుగెత్తిందో నాకు తెలియదు. నా చేతికి వచ్చేసరికి రొప్పే ముసలి ఎద్దులా ఉండేది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో ఒక మిట్ట ఉండేది. అక్కడికి వచ్చేసరికి షావుకారూ ఆయన చుట్టాలూ కారు దిగి పంచెలు ఎగ్గట్టుకుని నడవాలి. నేను ఖాళీ కారును మొదటి గేరులో ఎక్కించి పైన నిలబెట్టుకోవాలి. ఒకసారి వాళ్లు అలా నడుస్తుండగా ఇంకో పత్తి వ్యాపారి కొత్త కారు హారన్ మోగిస్తూ, దుమ్ము వీళ్ల మీద పోసి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే షావుకారు నన్ను పిలిచాడు. పత్తి సీజను మొదలయ్యేలోగా కారు మనుషులతో సహా మిట్ట ఎక్కాలి. లేకపోతే కారు అమ్మేస్తాను, నువ్వు మీ ఊరు గోనెగండ్లకు పోయి మీ నాయనతో శనక్కాయలు పెరుకు అన్నాడు. మా పేటలో స్టీరింగు పట్టిన మొదటివాణ్ణి నేను. మా అమ్మ ఆదివారం చర్చిలో ఆ సంగతి చెప్పని మనిషి లేదు. మిట్ట ఎక్కకపోతే నేను ఏమైపోతానో ఆయనకు బాగా తెలుసు. తెలిసే అన్నాడు.

మేస్త్రీ రెండు దినాలు ఇంజను చుట్టూ తిరిగి, దీన్ని బాగుచేయడం కాదు, బలం పెంచాలన్నాడు. మిలిటరీ తుక్కులో అదే జాతి ఇంజను, తర్వాతి కాలపుది, ఆయన దగ్గర పడి ఉంది. దాని క్యాంషాఫ్టునూ రెండు హెడ్లనూ తీశాడు. హెడ్ల అడుగును మిల్లు మిషనుమీద సన్నగా చెక్కించుకొచ్చాడు. నేను అర్థం కాని మొహం పెట్టాను.

"ఈ షాఫ్టు మీద గుడ్ల మాదిరి ఎత్తులుండాయి, సూడు. పాతదానికంటే పెద్దవి. వాల్వును ఇంకా పైకి లేపుతాయి. అంటే ఇంజను నోరు పెద్దగా తెరుస్తాది. హెడ్డు చెక్కితే లోపల జాగా తగ్గుతాది. అంటే గట్టిగా నములుతాది," అన్నాడు. "నోరు పెద్దదైంది, అంగిలి కిందికి దిగింది. తెరిసినప్పుడు తగలకుండా సూసుకునేదే మన పని. మిగిలిందంతా బోల్టులు బిగించేదే."

రెండు వారాలు పట్టింది. ముందు భాగం విప్పి పాత షాఫ్టు లాగి కొత్తది తోసిన రోజు నా భుజాలు పడిపోయాయి. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపెట్టింది తగలకుండా చూసుకునే పద్ధతే. ఆయన భార్య చపాతీలకు కలిపిన గోధుమ పిండిలోంచి ఒక ముద్ద అడిగి తెచ్చేవాడు. నూనె రాసి, చిన్న బిళ్లగా చేసి వాల్వు తల మీద పెట్టేవాడు. హెడ్డు దించి బోల్టులు బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పించేవాడు. మళ్లీ హెడ్డు విప్పితే పిండి అణిగి పలచనై ఉంటుంది. దాన్ని పదునైన కత్తితో కోసి, ఆ అంచు పక్కన ఇనుము కోసే హాక్సా బ్లేడ్లు పెట్టి చూసేవాడు. రెండు బ్లేడ్లు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంత మందమో పిండి కనీసం అంత ఉండాలి. అంతకు తగ్గితే వేడికి సాగిన వాల్వు హెడ్డుకు తగులుతుంది. ఎడమ పక్క వాల్వులన్నీ అలా మేమిద్దరం కలిసి కొలిచాం. కుడి పక్కకు వచ్చేసరికి శుక్రవారమైంది. మేస్త్రీ ఒక పిండి ముద్ద నా చేతిలో పెట్టి, కొలిచి ఉండు అని నమాజుకు పోయాడు.

చివరి వాల్వు ఒక్కటి మిగిలి ఉండగా ఆ పిండిని కోడి ఎత్తుకుపోయింది. నవ్వుతారని తెలుసు, అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆయన ఇల్లు షెడ్డు పక్కనే. తలుపుకు తెర వేసి ఉంది. మగమనిషి ఇంట్లో లేనప్పుడు ఆ తెర ముందు నిలబడి పిండి అడగడానికి నాకు నోరు రాలేదు. నా అన్నం మూటలో జొన్న సంగటి ఉంది. అదీ పిండే కదా అనుకున్నాను. ముద్ద చేసి వాల్వు మీద పెట్టి, హెడ్డు దించి తిప్పాను. విప్పి చూస్తే సంగటి సగం హెడ్డుకు అంటుకుంది, సగం కింద ఉంది, తాకితే పొడిపొడిగా విడిపోయింది. రెండు సగాలూ గీకి, వేళ్లతో అదిమి ఒకటి చేసి, బ్లేడ్ల పక్కన పెట్టాను. రెండు బ్లేడ్లు సరిపోయినట్టే కనిపించింది. మేస్త్రీ తిరిగి వచ్చి ఎంతుందని అడిగితే రెండు బ్లేడ్లన్నాను. దేనితో కొలిచావని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ వచ్చే వారం షావుకారు తన తోటి వ్యాపారులను ముగ్గురిని వెనక కూర్చోబెట్టుకుని ఆదోని నుంచి బయలుదేరాడు. మేస్త్రీ పనిముట్ల పెట్టెతో నా పక్కన కూర్చున్నాడు. ఆ కారు నా కాలి కింద అలా పలకడం నేను ఎన్నడూ వినలేదు. మిట్ట కనబడగానే వెనక ఉన్నవాళ్లు అలవాటుగా చెప్పులు వెతుక్కున్నారు. ఎవరూ దిగొద్దన్నాను. సగం దాకా రెండో గేరులోనే ఎక్కింది. నేను మొహం తిప్పి షావుకారు వైపు చూశాను కూడా. అప్పుడు కుడి పక్క నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు టకటకమని శబ్దం మొదలైంది. పది గజాలు పోయేసరికి ఇంజను వణికి ఆగిపోయింది.

వ్యాపారులు దిగి కల్వర్టు గట్టు మీద కూర్చున్నారు. మిలిటరీ తుక్కు తెచ్చి తన కారుకు అంటగట్టాడని షావుకారు అందరూ వినేలా మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టాడు. మేస్త్రీ రేడియేటరు నీళ్లు దించి, ఆ ఎండలో అక్కడే కుడి హెడ్డు విప్పాడు. ఒక వాల్వు వంగి ఉంది. హెడ్డులో అది తగిలిన చోట గోటి నొక్కులా కొత్తగా మెరుస్తున్న గుర్తు. హెడ్డు అంచున, మంట చేరని మూల, ఎండిన జొన్న నూక ఒకటి అతుక్కుని ఉంది. దాన్ని గోటితో గిల్లి నా మొహం వైపు చూశాడు. నేను మెల్లగా, ఆయనకు మాత్రమే వినబడేలా, సంగటి అన్నాను. ఆయన లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"షావుకారీ, సామాను మంచిదే. కొలత తప్పింది," అన్నాడు. "కొలిచింది ఏసేపు. మళ్లీ కొలవకుండా బిగించింది నేను."

ఆయన తన పేరూ చెప్పాడు, నిజమే. కానీ ఆ గట్టు మీద కూర్చున్నవాళ్లకు వినబడింది ఒక్క పేరే. షావుకారు చేయి చాపి తాళం అడిగాడు.

"మీ వాళ్ల చేతికి మిషనిస్తే ఇట్లే ఉంటాదని ముందే అనుకుంటి. పోయి శనక్కాయలు పెరుక్కో పో," అన్నాడు.

గట్టు మీద ఒకాయన నవ్వాడు. తెల్ల లాల్చీ, బంగారు బొత్తాలు. నాలుగేళ్లలో నేను ఒక్కనాడు కారుకు గీత పడనివ్వలేదు. అదెవరికీ గుర్తు రాలేదు. ఒక్క తప్పు చేస్తే అది నా కులానికంతా అంటింది. ఇదే తప్పు ఆయన మేనల్లుడు చేసుంటే కుర్రతనం అనేవాళ్లు. కారుకు ఎద్దులు కట్టి ఆదోనికి లాగించారు. నేను దాని వెనక నడుస్తూ మేస్త్రీని అడిగేశాను. నా పేరు చెప్పకపోతే నీ నోరు పడిపోతుండెనా అన్నాను.

"సెప్పకుంటే ఆ హెడ్డుకు చెడ్డపేరు వస్తాండె," అన్నాడు. "అదేం తప్పు చేసింది?"

ఇనుముకు అన్యాయం జరగకూడదని నన్ను వీధిలో నిలబెట్టిన మనిషి ఆయన. కైరుప్పలలో ఉగాది తర్వాత పిడకలతో కొట్టుకునేవాళ్లు ఆ సాయంత్రమే ఒకటైపోతారు. నాకు ఆ గుణం లేదు.

గోనెగండ్లకు పోయి పడుకున్నాను. అమ్మ ఆ ఆదివారం చర్చిలో వెనక కూర్చుంది, ఎప్పుడూ ముందు కూర్చునే మనిషి. అది చూశాక మేస్త్రీ మీద నా కోపం రెట్టింపైంది. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చేసరికి ఆయన మా గుమ్మం ముందు రాతి మీద కూర్చుని ఉన్నాడు, నాకంటే ముందే ఇల్లు చేరిన అమ్మ ఇచ్చిన మా ఇంటి చెంబులో నీళ్లు తాగుతూ. క్షమించమని అడగడానికి వచ్చాడనుకుని, అడిగినా క్షమించకూడదని గట్టిగా అనుకున్నాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

"తాళం పీక్కున్నది షావుకారు. అది ఆయప్పను అడుగు," అన్నాడు. "కొలత నీది. కుడి పక్క అట్లే ఉంది. నీవొచ్చి ముగిచ్చు."

నేను రానన్నాను. ఇప్పుడు ఆ కారు ఎక్కితే నాకేం, ఎక్కకపోతే నాకేం అన్నాను. ఆయన సరేనని లేచి వెళ్లిపోయాడు. మా అమ్మ చెంబు లోపల పెడుతూ, నీవు సంగటితో కొలిచినావని ఆయన చెప్పినాడు, నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. అయితే ఆ తప్పు షావుకారు నోట పుట్టలేదు కదా, నీ చేతిలో పుట్టిందే కదా అంది. తల్లి కూడా మేస్త్రీ పక్షమే. రెండు దినాలు బెట్టుగా ఉండి, మూడో దినం ఆదోనికి బయలుదేరాను.

షెడ్డులో అడుగుపెట్టగానే మేస్త్రీ, పిండి తెచ్చుకో అన్నాడు. తాను కదలలేదు. నేను వెళ్లి తెర ముందు నిలబడి, అక్కా, కొంచెం గోధుమ పిండి కావాలన్నాను. తెర కింది నుంచి ఒక పళ్లెం బయటికి వచ్చింది.

"ఆ దినం అడిగింటే ఇయ్యనంటినా అప్పా," అంది లోపలి నుంచి ఆమె.

నాకు తగిలిన మాటలన్నిటిలో నేను తిరగబడలేని మాట అదొక్కటే. కొత్త వాల్వు వేసి, దాని మీద పిండి పెట్టి కొలిచాను. ఒక్క బ్లేడు కూడా పట్టలేదు. ఆ వాల్వు నెత్తిన హెడ్డును గుంటగా చెక్కాలి. మిషను అందని మూల అది. చేతి ఉలితో, ఆకురాయితో రెండు రోజులు పొడి రాల్చాను. కొంచెం తీయడం, పిండి పెట్టడం, బిగించడం, తిప్పడం, విప్పడం. పదకొండోసారికి రెండు బ్లేడ్లూ ఆనుకున్నాయి. మేస్త్రీ వచ్చి తన బ్లేడ్లతో మళ్లీ చూశాడు. హెడ్డు దించి బిగించెయ్యమన్నాడు.

రెండోసారి మిట్ట ఎక్కిన రోజు స్టీరింగు షావుకారు మేనల్లుడి చేతిలో ఉంది. వెనక అప్పటి వ్యాపారులే. చోటు లేక నన్ను మడ్‌గార్డు పక్కన ఫుట్‌బోర్డు మీద నిలబడమన్నారు. నిలబడ్డాను. నా చెవి కుడి హెడ్డు మీదే ఉంది. కారు ఎక్కడా గేరు మార్చకుండా, ఒక్క మనిషి దిగకుండా మిట్ట ఎక్కేసింది. పైన ఆపి అందరూ దిగారు. షావుకారు మేనల్లుడి భుజం తట్టి, మావాని చేయి మంచిది, పట్టుకోగానే ఎక్కించినాడని తోటివాళ్లకు చెప్పాడు. మేస్త్రీ అప్పటికి బానెట్ ఎత్తి ఇంజను చూస్తున్నాడు.

"కుడి పక్క కొలిచి చెక్కింది ఏసేపు," అన్నాడు.

షావుకారు విననట్టు ఎమ్మిగనూరు వైపు చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రీ అదే మాట మళ్లీ చెప్పాడు. చెప్పి, ఎత్తిన బానెట్‌ను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎండ మండుతోంది. పోదాం మూయమని మేనల్లుడు అన్నాడు. ఆయన మూయలేదు. తెల్ల లాల్చీ ఆయన జేబు గడియారం తీసి చూసుకున్నాడు. ఎంతసేపు గడిచిందో ఖాదర్ మేస్త్రీయే చెప్పగలడు, నాకు మాత్రం చాలా సేపనిపించింది. చివరికి షావుకారు ఇటు తిరక్కుండానే, సరేలేప్పా, ఏసేపే చేసినాడు, ఇంక మూయి అన్నాడు. అప్పుడు మూశాడు.

తర్వాత పత్తి సీజను నడుమ షావుకారు నన్ను రమ్మని కబురు పెట్టాడు. వెళ్లలేదు. ఆ షెడ్డులోనే ఇరవై ఏళ్లు పని చేశాను. మేస్త్రీ పోయాక దాన్ని నేనే నడిపాను. ఆ మిట్ట మీద నన్ను ముందుగా పక్కకు పిలిచి, నీ పేరు చెప్పబోతున్నానని ఒక్క మాట అని ఉండవచ్చు కదా. ఆ ప్రశ్న ఆయన బతికున్నన్నాళ్లూ నా నోటి చివర ఉంది. అడగలేదు. అడిగి ఉంటే, నువ్వు ముందుగా సంగటి సంగతి చెప్పి ఉండవచ్చు కదా అనేవాడు.

నేను చాలా ఫిర్యాదులు రాశాను. బస్సు డిపోకు, మునిసిపాలిటీకి, తాలూకా ఆఫీసుకు, ఒకసారి బిషప్పు గారికి కూడా. పోయిన వారం సంగతి మీద ట్రాక్టరు యజమానికి నిన్ననే ఒకటి రాశాను. ఏది రాసినా మొదటి పేరాలో, ఈ విషయంలో నా తప్పు ఇంత అని రాసి, ఆ తర్వాతే అవతలివాళ్లది మొదలుపెడతాను. ఆఫీసర్లు ఆ మొదటి పేరా కింద ఎర్ర గీత గీసి, తప్పు మీదేనని మీరే ఒప్పుకున్నారు కదా అని కాగితం వెనక్కి పంపేస్తారు. ఎన్ని కేసులు అలా పోగొట్టుకున్నానో నాకు తెలుసు. ఆ పేరా తీసెయ్యమని మా అబ్బాయి పోరుతూనే ఉంటాడు. నిన్న తీసి చూశాను. మిగిలిన ఉత్తరం నాకే అబద్ధంలా కనిపించింది. మళ్లీ రాసి పోస్టు చేశాను. ఇందుకు కూడా ఖాదర్ మేస్త్రీ మీద నాకు ఫిర్యాదు ఉంది.